జానెడు గడ్డి

శంషాబాద్‌లో నాది రేడియో పని అంటే
"పాటలు వేస్తావా బాబూ?" అంది
అద్దెకు గది చూపిస్తూ ఓనరమ్మ.
తలూపేశాను. ఎలా చెప్పను,
నేను కాపలా కాసేది ఒక వాలుకని,
మూడు డిగ్రీల వాలు,
కంటికి కనబడదు, చేతికి తగలదు,
మబ్బులో పైలట్ ముందు వణికే సన్నని ముల్లు మాత్రం
దాన్ని పట్టుకుని దిగుతుందని.

రన్‌వే పక్కన ఎరుపూ తెలుపూ పూసిన స్తంభం.
సగం మాట అది చెబుతుంది,
మిగతా సగం నేల చెబుతుంది.
తరంగం మట్టిని తాకి పైకి లేచి
తన జోడును కలుసుకుంటేనే దారి.
అందుకే దాని ముందు పెరిగే గడ్డికి
మా రిజిస్టర్‌లో ఒక గడి ఉంది.
పుస్తకంలో సెంటీమీటర్లు.
జంగమ్మ లెక్కలో జానెడు.

నాకు పని నేర్పిన వహీద్ సాబ్
బేగంపేట పాత ఎయిర్‌పోర్టు మనిషి.
టిఫిన్ డబ్బా మూత మీద వేలితో కొట్టి
బీకన్ పేరు వినిపించేవాడు,
టక్ టక్ టా, టక్ టక్ టా.
"దీనికి తన పేరొక్కటే వచ్చు మియా.
రమ్మనదు, పొమ్మనదు.
ఈడున్న, ఈడున్న అంటది, అంతే.
నువ్వెక్కడున్నవో నువ్వే చూసుకోవాలె."
ఇంకో మాట కూడా అన్నాడు, చాయ్ చల్లారబెట్టుకుంటూ:
"తప్పు చెప్తున్ననేమో అని అనుమానమొస్తే
మన పెట్టె తన నోరు తనే మూసుకుంటది.
మనుషులకా మీటర్ పెట్టలేదు అల్లా."

భాద్రపదం. మూడు రోజుల ముసురు.
రాత్రి పదకొండు దాటాక ఎర్ర దీపం.
వాలు ఆగిపోయింది.
రెండో ట్రాన్స్‌మిటర్ లేచింది,
ఒక్క క్షణం నిలబడి అదీ పడుకుంది.
కార్డులు మార్చాను, కేబుళ్ళు తడిమాను,
పెట్టెలో ఏ తప్పూ లేదు.
స్పీకర్‌లో పరిమళ మేడం గొంతు, ఎప్పటిలాగే చదునుగా,
ఆకాశాన్ని అంతస్తులుగా పంచుతోంది:
ఏడు వేలలో ఒకరు, ఎనిమిదిలో ఒకరు, తొమ్మిదిలో ఒకరు.
ఇచ్చిన అంకెను ఇచ్చినట్టే
తిరిగి అప్పజెబుతున్నారు వాళ్ళు.
మా ఇంట్లో ఎవరూ ఎవరి మాటనీ
అంత భద్రంగా తిరిగివ్వలేదు.

చివరి బస్సు తప్పి షెడ్డులోనే పడుకుంది జంగమ్మ.
"గడ్డి నీళ్ళు పట్టింది సారూ," అంది, లేస్తూనే.
"ఆ మూల మేకలు కాసిన కాన్నుంచి నాకెరుక,
ముసురు పడితే మడుగే.
మొన్న కోస్తనంటే వానని వద్దంటివి."

వద్దన్నాను.
వద్దని, ఆ గడిలో టిక్కు పెట్టాను.

వాకీటాకీలో అనుమతి అడిగాను,
ఇచ్చిన మాటను తిరిగి అప్పజెప్పాను.
జీపు దీపాల వెలుగులో
మోకాలెత్తు తడి గడ్డి, అడుగున మెరిసే నీళ్ళు.
తను కొడవలి పట్టింది,
నేను పారతో పూడిన కాలువ తెరిచాను.
పైన ఇంజన్ల రొద గుండ్రంగా తిరుగుతోంది,
ఒక్క దీపమూ కనబడదు.
నలభై నిమిషాలకు ఒకాయన
చమురు లెక్క చూసుకుని విజయవాడకు మళ్ళాడు.
ఆ విమానంలో ఎవరున్నారో,
ఎవరి కోసం ఎవరు బయట నిలబడ్డారో,
ఆ చిట్టా నా రిజిస్టర్‌లో రాదు.

పచ్చ దీపం.
ఎదురుచూశాం. మళ్ళీ ఆరలేదు.
మేం పక్కకు తప్పుకున్నాక
ఎవరో ముసలి గొంతు పైలట్, అలసటగా
"ఎస్టాబ్లిష్డ్" అన్నాడు.

"ఏమంటుండు?"
"దారి దొరికిందట."
"దొరకదా మరి!"
కొంగుకు కొడవలి తుడుచుకుంటూ
మబ్బు చీల్చుకొచ్చిన రెండు తెల్ల దీపాల్ని
తన చేను గట్టు మీంచి చూసినట్టు చూసింది.
అవి చక్రాలై, నీళ్ళు చిమ్మి,
మా ముందు నుంచి పోయాక అంది:

"ఇయ్యాలటి నుంచి ఆ బుక్కు నాకు చూపెట్టు సారూ.
చదువు రాదు గాని
టిక్కు గుర్తు పడతా."